స్టోమా చుట్టూ పుండు పడితే, బ్యాగ్ కారుతుంటే ఏం చేయాలి?

మావారికి పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి ఆరేళ్లయింది. దాన్ని ఇలియోస్టమీ అంటారు. అలా పొట్ట మీద తెరిచి ఉంచిన పేగు నోటినే స్టోమా అంటారు. దాని చుట్టూ చర్మానికి అతికించే జిగురు బిళ్ల ప్లేట్, మలం పట్టే బ్యాగ్ దానికే ఉంటుంది. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు ప్లేట్ మార్చేది నేనే. చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఎవరికి స్టోమా పెట్టినా నాకు ఫోన్ వస్తుంది. వెళ్లిన ప్రతి ఇంట్లో కనిపించేది ఒకటే: ప్లేట్ అంచుల మీద నాలుగు వరసల టేపు, టేపు కింద నానిపోయిన ప్లేట్, దాని కింద పచ్చిపుండు. టేపు వేస్తే బట్టలు తడవడం ఆగుతుందేమో గానీ లోపల కారడం ఆగదు. కారింది బయటికి రాలేక చర్మం మీదే నిలబడిపోతుంది.

ఇలియోస్టమీ నుంచి వచ్చేది పల్చగా ఉంటుంది. అన్నాన్ని అరిగించే రసాలు అందులో ఇంకా పనిచేస్తూనే ఉంటాయి, తగిలిన చోట చర్మాన్ని కూడా తినేస్తాయి. కొలోస్టమీ అయితే, అంటే పెద్దపేగునే పొట్ట మీదికి తెస్తే, మలం గట్టిగా వస్తుంది కాబట్టి బాధ కొంచెం తక్కువ, పద్ధతి మాత్రం అదే. స్టోమాకి నొప్పి తెలియదు. మండేదంతా చుట్టూ ఉన్న చర్మమే. అందుకే మనిషి 'మండుతోంది' అన్నప్పుడే ప్లేట్ తీయాలి. 'మొన్ననే వేశాం, ఇంత ఖరీదు పెట్టి కొన్నాం, సాయంత్రం దాకా చూద్దాం' అనుకోవద్దు. పచ్చి చర్మం మీద ఏ ప్లేటూ నిలవదు. ఒకటి మిగిల్చుకోబోతే వరసగా నాలుగు పోతాయి.

ముందు అన్నీ దగ్గర పెట్టుకోండి

కొత్త ప్లేట్, బ్యాగ్, కొలత కార్డు, వంపు కత్తెర, పెన్ను, స్టోమా పౌడర్, చర్మం మీద పల్చటి రక్షణ పొర వేసే ఆల్కహాల్ లేని బ్యారియర్ స్ప్రే, గోరువెచ్చని నీళ్లు, చెత్త కవరు, ఉతికి ఎండబెట్టిన పాత పంచె ముక్కలు. పంచె ముక్కలే వాడండి. తడి వైప్స్ వద్దు. వాటిలోని నూనె, సెంటు చర్మం మీద మిగిలిపోతే ప్లేట్ జారుతుంది.

వేళ ఉదయం, కాఫీ కంటే ముందు. ఇది మా ఇంట్లో మారని నియమం. రాత్రి భోజనం పెందలాడే ముగిస్తే పొద్దున్న ఆరింటికి స్టోమా నెమ్మదిగా ఉంటుంది. టిఫిన్ అయ్యాక మొదలుపెడితే, తుడిచిన చోటే మళ్లీ తడుస్తూ ఉంటుంది.

పాత ప్లేట్ తీయడం

పై అంచు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ప్లేట్‌ని లాగకండి. తడి గుడ్డతో చర్మాన్ని మెల్లగా వెనక్కి నొక్కుతూ ఉంటే ప్లేట్ దానంతట అదే విడివడుతుంది. ఒక్కసారిగా పీకితే పై పొర కూడా లేచివస్తుంది.

తీసింది చెత్తలో వేయకండి. తిప్పి వెనక వైపు చూడండి. పోయిన ఏడాది మా పిన్నికి పదిహేను రోజులుగా కారుతోందని వెళ్లాను. ఆవిడ ప్లేట్ తిప్పి చూస్తే జిగురంతా శుభ్రంగా ఉంది, గడియారంలో ఆరు అంకె ఉండే చోట మాత్రం రంధ్రం దగ్గర నుంచి అంచు దాకా వేలెడు వెడల్పున గోధుమరంగు చార. అక్కడ జిగురు కరిగి మెత్తటి బెల్లంపాకంలా వేలికి అంటింది. మంచం మీద పడుకోబెట్టి చూస్తే పొట్ట చదునుగానే ఉంది. లేపి కూర్చోబెట్టాను. సరిగ్గా ఆ చార ఉన్న చోటే చర్మం లోపలికి మడత పడింది. అన్ని రోజులూ పడుకోబెట్టి ప్లేట్ వేస్తున్నారు, ఆవిడేమో రోజంతా కూర్చునే ఉంటుంది. బ్యారియర్ రింగ్, అంటే ప్లేట్ కింద సందులు పూడ్చే మెత్తటి జిగురు వలయం, అందులో చిన్న ముక్క తుంచి ఆ మడతలో అద్ది, దాని మీద ప్లేట్ వేశాం. కారడం ఆగింది. కాబట్టి ముందు కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంగమని, మడత ఎక్కడ పడుతోందో చూసుకున్నాకే పడుకోబెట్టండి.

చర్మం మీది ఎరుపు కూడా సంగతి చెబుతుంది. స్టోమాని ఆనుకుని వలయంలా ఎర్రబడితే రంధ్రం పెద్దగా కోశారని అర్థం. ప్లేట్ ఎంత మేర ఉందో అంత మేరా అచ్చు గుద్దినట్టు ఎర్రబడితే ఆ జిగురు పడట్లేదేమో, వేరే రకం వాడి చూడాలి. దురదతో పాటు ఎరుపు చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు వస్తే అది ఫంగస్ కావచ్చు. మన చెమటకి ఇది మామూలే, కానీ దానికి డాక్టరు రాసిన మందు పొడే వాడాలి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. తుడుస్తుంటే స్టోమా నుంచి ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే టెన్షన్ పడొద్దు, అది లేత కండ.

ఆరబెట్టడం, పౌడర్ వేయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

పుండు కనబడగానే మన చేయి ఏదో ఒకటి పూయడానికి వెళ్తుంది. కొబ్బరినూనె, పసుపు, వేపాకు ముద్ద, వెన్న, డెటాల్, ఇంట్లో ఉన్న ఏదో ఒక ఆయింట్‌మెంట్. వీటిలో ఏదీ వద్దు. జిడ్డు ఉన్న చోట ప్లేట్ అంటుకోదు. డెటాల్ పచ్చి చర్మాన్ని ఇంకా కాలుస్తుంది. మావారిని డిశ్చార్జి చేసిన రోజు ఆస్పత్రిలో మంటకి క్రీము ఇచ్చి రోజుకి రెండుసార్లు రాయమన్నారు. దాని మీద ప్లేట్ ఎలా నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలో ఆయన రాత్రుళ్లు నిద్రపోలేదు. నేను ఆరు ప్లేట్లు మార్చాను. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

చేయాల్సింది ఇది. పంచె ముక్కతో అద్దండి, రుద్దొద్దు. తర్వాత విసనకర్రతో రెండు నిమిషాలు విసరండి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి వాడేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మీట పొరపాటున వేడి మీదికి జరిగితే పచ్చి చర్మం కాలిపోతుంది. ఈలోగా స్టోమా కారితే గుడ్డ ముక్క చుట్టి దాని మీద ఆనించి పట్టుకోండి, చర్మం మీదికి ఒక్క చుక్క దిగకూడదు.

ఇప్పుడు స్టోమా పౌడర్. పిల్లలకి స్నానం చేయించి పౌడర్ అద్దినట్టు దట్టంగా వేయకండి. పచ్చిగా ఉన్న చోట మాత్రమే పల్చగా చల్లి, అర నిమిషం ఆగి, పొడి గుడ్డతో మిగిలిందంతా దులిపేయండి. తడి ఉన్న చోట అది పట్టుకుని ఉంటుంది, పొడి చర్మం మీద నుంచి రాలిపోతుంది. రాలాల్సింది రాలకపోతే ప్లేట్ చర్మానికి కాకుండా పౌడర్‌కి అంటుకుంటుంది, గంటలో లేచిపోతుంది. దులిపాక బ్యారియర్ స్ప్రే ఒక్క పొర కొట్టి ఆరనివ్వండి. మళ్లీ పల్చగా పౌడర్, మళ్లీ దులపడం, మళ్లీ స్ప్రే. పుండు బాగా పచ్చిగా ఉంటే మూడోసారి కూడా. చివర్లో వేలితో తాకితే గంజి పెట్టి ఆరిన బట్టలా గరుగ్గా, పొడిగా తగలాలి. చల్లగా గానీ, జిగటగా గానీ తగిలితే ఇంకా ఆరలేదు. ఆగండి. ఇక్కడ పది నిమిషాలు పోయినా పర్వాలేదు. పుండు మానాక పౌడర్ మానేయండి, బాగున్న చర్మానికి అది అక్కర్లేదు.

టాల్కం పౌడర్ వాడితే ఏమని చాలామంది అడుగుతారు. అది ఈ పని చేయదు. స్టోమా పౌడర్ తడి పీల్చి జిగురుగా మారుతుంది, అసలు సంగతి అదే. 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ ఇలాంటి చర్మానికి వాడింది కరాయ జిగురు పొడి. కరాయ అంటే మరేదో కాదు, మన మన్యంలో గిరిజనులు తపసి చెట్లకి గాటు పెట్టి తీసి, గిరిజన సహకార సంస్థకి అమ్మే తపసి జిగురే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా వేరే పదార్థాలు ఉంటున్నాయి. అలాగని బజార్లో జిగురు కొని ఇంట్లో దంచి మాత్రం వేయకండి.

కొలవడం, కోయడం, అతికించడం

రంధ్రం స్టోమా కంటే చుట్టూ రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. అంతకు మించి కనబడే చర్మమంతా కాలే చర్మమే. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా స్టోమా వాపు తగ్గుతూ ఉంటుంది, అన్నాళ్లూ ప్రతిసారీ కొలవాలి. ఆస్పత్రిలో ఇచ్చిన కొలతనే ఏడాది పాటు కోస్తున్నవాళ్లని చూశాను. కోశాక రంధ్రం అంచుని వేలితో రాసి నునుపు చేయండి.

స్టోమా పేస్ట్ అని అమ్మేది అతికించే జిగురు కాదు. కిటికీ చెక్క సందుల్లో పెట్టే లప్పం లాంటిది, గుంటలు పూడ్చడానికే. కొన్ని రకాల్లో ఆల్కహాల్ ఉంటుంది, పచ్చి చర్మం మీద భగ్గుమంటుంది. నేను రింగే వాడతాను.

ప్లేట్‌ని రెండు అరచేతుల మధ్య ఒక నిమిషం వెచ్చబెట్టి, కింది నుంచి పైకి అతికించండి. రంధ్రం చుట్టూ వేలితో ఒత్తి, ఆపైన అరచేయి ఆనించి అయిదు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. ఒంటి వేడికే జిగురు పడుతుంది. ఇంకో పది నిమిషాలు పడుకోనిచ్చి అప్పుడు కాఫీ ఇవ్వండి.

తర్వాత

బ్యాగ్ మూడోవంతు నిండగానే ఖాళీ చేయండి, బరువుకి ప్లేట్ లేస్తుంది. ప్లేట్లు ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు. మరీ నీళ్లలా వస్తుంటే అరటిపండు, సగ్గుబియ్యం జావ, పెరుగన్నం కొంత చిక్కబరుస్తాయి. నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ ఇవ్వండి. విరేచనాలు ఆపే మాత్ర మాత్రం సొంతంగా వేయకండి. స్టోమా బాగా లోపలికి ఉంటే మామూలు ప్లేట్ ఎంత జాగ్రత్తగా వేసినా కారుతుంది. దానికి ఉబ్బెత్తుగా ఉండే కాన్వెక్స్ ప్లేట్, బెల్టు కావాలి. అది స్టోమా నర్సు చూసి చెప్పాలి.

స్టోమా ఊదాగానో నల్లగానో మారినా, రక్తం ఆగకపోయినా, కొన్ని గంటలుగా ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు మొదలైనా, నోరు ఎండిపోయి మూత్రం తగ్గినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. పుండు లోతుగా దిగుతున్నా, చుట్టూ గట్టిపడి జ్వరం వచ్చినా అంతే.

పుండు ఉన్నన్నాళ్లూ ఒకటి రెండు రోజులకే ప్లేట్ మార్చి చూడండి. మానాక మూడు నాలుగు రోజులకి తేవచ్చు. ఈ లోపల తీసిన ప్రతి ప్లేట్ వెనక వైపునీ, చర్మాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫొటోలో పై వైపు ఏదో తెలిసేలా తీయడానికి ముందే ప్లేట్ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. నర్సు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు ఆ ఫొటోలు చూపించండి.