పొగాకు ఆకు నుంచి డీఎన్‌ఏను తెగకుండా తీసే పద్ధతి

కందుకూరు, కొండపి, పొదిలి ప్రాంతాల చేలల్లో కనిపించే పొగాకు నిజానికి రెండు జాతుల సంకరం. నికోటియానా సిల్వెస్ట్రిస్ తల్లిగా, నికోటియానా టొమెంటోసిఫార్మిస్ తండ్రిగా, చెరొక 24 క్రోమోజోములు నిలిచిపోయి, 48 క్రోమోజోముల ఈ మొక్క ఏర్పడింది. అందువల్ల దీనిలో అనేక జన్యువులు దాదాపు ఒకే పోలికతో రెండేసి ప్రతులుగా ఉంటాయి. డీఎన్‌ఏ చిన్న ముక్కలైపోతే ఏ ముక్క తల్లి వైపుదో, ఏది తండ్రి వైపుదో తేల్చడం కష్టం కనుక, జన్యు పరిణామాన్ని చదవదలచిన విద్యార్థి మొదట పొడవైన పోగులు తీయడం నేర్చుకోవాలి.

సగం పని ఆకు ఎంపికలోనే ఉంది. ముదురాకులో పాలీఫినాళ్లు (గాలి తగిలితే గోధుమరంగుకు మారే పదార్థాలు), పిండిపదార్థం ఎక్కువ కనుక నారుమడి దశలోని మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచి, చిగురాకును 100 మిల్లీగ్రాములు కోసి వెంటనే ఐసులో పెట్టాలి. తడి ఆకును చేతి తొడుగులు లేకుండా ముట్టుకోరాదు. పచ్చాకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులు కావడానికి కారణం చర్మం గుండా లోపలికి ఇంకే నికోటినే.

ఆకు కణాలను పగలగొట్టి డీఎన్‌ఏను బయటికి తెచ్చే ద్రావణంలో 2 శాతం సీటాబ్ (కణపొరలను కరిగించే సబ్బులాంటి పదార్థం), 1.4 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టి ఉంచేది), 8.0 పీహెచ్ గల 100 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచేది) ఉండాలి. దీనికి పాలీఫినాళ్లను పట్టుకునే పీవీపీని 2 శాతం కలిపి, వాడబోయే ముందు మాత్రమే ఆక్సీకరణను అడ్డుకునే మెర్కాప్టోఇథనాల్‌ను 0.2 శాతం చేర్చాలి. పొగాకు విషయంలో ఈ చివరి రెండింటినీ మానరాదు: ఇవి లేకపోతే పాలీఫినాళ్లు ఆక్సీకరణం చెంది డీఎన్‌ఏకు అంటుకుంటాయి, గొట్టంలో తెల్లని పోగుకు బదులు నశ్యం రంగు ముద్ద మిగులుతుంది. చల్లబడితే సీటాబ్ గడ్డకడుతుంది కాబట్టి ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

ఆకును ద్రవ నత్రజనిలో మెత్తని పొడిగా నూరడం ఉత్తమం. ఒంగోలు గిత్తల వీర్యాన్ని నిల్వ చేసేదీ ఈ ద్రవంలోనే కనుక ఈ జిల్లాలవారికి దాని క్యాన్లు కొత్త కావు. పొడి కరగకముందే, 65 డిగ్రీలకు వేడిచేసిన 700 మైక్రోలీటర్ల ద్రావణంలో వేసి, అదే వేడిలో అరగంట ఉంచి, నడుమ నడుమ గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేయాలి. ఇక్కడినుంచి వోర్టెక్స్ (గొట్టాన్ని వేగంగా కుదిపే యంత్రం) జోలికి పోరాదు, పోగులు తెగుతాయి. పిపెట్ మొనను కూడా కాస్త కత్తిరించి వెడల్పు చేసుకోవాలి.

తరువాత 24:1 పాళ్లలో కలిపిన క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్‌ను సమాన పరిమాణంలో, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద చేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్య పొరను కదపకుండా పై ద్రవాన్ని మాత్రమే తీసుకోవాలి. ఆశపడి చివరి బొట్టు దాకా లాగితే ప్రోటీన్లు వెంట వస్తాయి. ఆ ద్రవానికి మూడింట రెండు వంతుల ఐసోప్రొపనాల్ కలిపితే పోగులు తేలుతాయి. వాటిని 70 శాతం ఇథనాల్‌తో కడిగి, పూర్తిగా ఎండిపోనీయకుండా ట్రిస్–ఈడీటీఏ ద్రావణంలో కరిగించి, ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైమ్ వేసి 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచాలి. వాడిన క్లోరోఫామ్‌ను సింకులో పోయరాదు.

డీఎన్‌ఏ శుద్ధతను కాంతి శోషణతో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260, 280 నానోమీటర్ల వద్ద శోషణ నిష్పత్తి 1.8 దగ్గర, 260, 230ల నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. రెండోది బాగా తగ్గితే పాలీశాకరైడ్లో (పిండి వంటి పొడవైన చక్కెర గొలుసులు), పాలీఫినాళ్లో మిగిలాయని అనుమానించాలి. అయితే ఈ అంకెలు పోగు పొడవును చెప్పవు; దానికి డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే 0.8 శాతం అగరోజ్ జెల్ చూడాలి. జెల్‌లో నమూనా పోసిన గుంత దగ్గరే ఒక్క చార నిలిస్తే నమూనా పనికివస్తుంది. కిందిదాకా జారిన మరక కనిపిస్తే దాన్ని బాగుచేసే ప్రయత్నం వృథా, మరో చిగురాకు కోసుకోవాలి.