పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చారా? పనిచేయకపోతే ఇక్కడ వెతకండి

ఎస్‌ఎస్‌డీ వేశారు, ర్యామ్ పెంచారు, అయినా వీడియో కాల్ మధ్యలో ఆగిపోతూనే ఉందంటే ఒకసారి లోపలున్న వైఫై కార్డు చూడాలి. ఒకే యాంటెన్నాతో, 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేసే 802.11ఎన్ కార్డు లెక్క ప్రకారమే సెకనుకు 150 మెగాబిట్లు దాటదు. చుట్టుపక్కల రౌటర్లన్నీ అదే బ్యాండ్‌లో ఉంటే అందులో సగం కూడా రాదు. దాన్ని తీసి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. పెట్టాక పనిచేయకపోతేనే అసలు టెన్షన్ మొదలవుతుంది.

అలాంటప్పుడు చాలామంది కార్డే పాడైందనుకుని తిరిగి పంపేస్తారు. నేను చూసినంతలో కార్డు తప్పు చాలా తక్కువ. కార్డు గుచ్చే స్లాట్, బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్), యాంటెన్నా వైరు, డ్రైవర్ (కార్డుని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్), వీటిలో ఏదో ఒకటి అడ్డుపడుతుంది. ఏది అడ్డుపడిందో మీకు కనిపిస్తున్న లక్షణమే చెబుతుంది.

పాత కార్డు తీసే ముందు మూడు పనులు చేయండి. కొత్త కార్డు డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, ఎందుకంటే మార్చాక నెట్ ఉండకపోవచ్చు. పాత కార్డుకి ఏ వైరు ఎక్కడ ఉందో ఫోటో తీసుకోండి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్షన్ కూడా ఊడదీయండి. పాత కార్డుని మాత్రం పారేయకండి, కింద చెప్పే పరీక్షల్లో అది చాలాసార్లు అవసరమవుతుంది.

కార్డు స్లాట్‌లో కూర్చోవడం లేదు

సుమారు 2013, 2014 వరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటుంది. అందులో పూర్తి సైజు కార్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు, దాదాపు 51 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. హాఫ్ సైజుది అదే వెడల్పుతో 27 మిల్లీమీటర్ల పొడవు. ఆ తర్వాతి వాటిలో ఎం.2 2230 కార్డులు వచ్చాయి, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. హాఫ్ కార్డుని చిన్న బ్రాకెట్‌తో పూర్తి సైజు స్లాట్‌లో బిగించవచ్చు, దీనికి ఉల్టా కుదరదు.

మినీ స్లాట్ నుంచి ఎం.2కి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. అవి ఎత్తు పెరిగి మూత సరిగ్గా మూసుకోకపోవచ్చు, పైగా యాంటెన్నా కనెక్టర్ సైజు కూడా మారిపోతుంది. నా సలహా, మీ స్లాట్‌కి సరిపోయే సైజులో తయారైన కార్డే తీసుకోండి. హాఫ్ మినీ సైజులో ఇంటెల్ 7260 ఏసీ మోడల్ ఉంది. అది 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్ల వరకు అందుకోగలదు, పాత విండోస్‌లకీ డ్రైవర్లు ఉన్నాయి.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. సిమ్ మోడెమ్ కోసం పెట్టిన స్లాట్, చిన్న ఎస్‌ఎస్‌డీ కోసం పెట్టిన ఎంసాటా స్లాట్ కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి. పాత వైఫై కార్డు ఏ స్లాట్ నుంచి వచ్చిందో కొత్తదాన్ని అందులోనే పెట్టండి. కొన్ని పల్చటి మోడళ్లలో వైఫై చిప్‌ని బోర్డుకే అతికించేస్తారు. వాటిలో మార్చడానికి ఏమీ ఉండదు, యూఎస్‌బీ అడాప్టరే దారి.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఎర్రర్ చూపించి ఆగిపోతోంది

ఇది అందరినీ ఎక్కువగా భయపెట్టే లక్షణం. థింక్‌ప్యాడ్‌లలో 1802 నంబరు, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో 104 నంబరు కనిపిస్తుంది. అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు పెట్టారన్నది రెండింటి అర్థమూ. కంగారు పడకండి, ఏదీ కాలిపోలేదు.

కొన్ని కంపెనీలు తమ పాత మోడళ్ల బయాస్‌లో ఒక అనుమతి జాబితా పెట్టాయి. ఆన్ చేయగానే బయాస్ కార్డు గుర్తింపు సంఖ్యలు చదివి, అవి జాబితాలో లేకపోతే అక్కడే ఆపేస్తుంది. కార్డు తయారీదారు సంఖ్య, మోడల్ సంఖ్యతో పాటు, ఆ కార్డుని ఏ ల్యాప్‌టాప్ కంపెనీ కోసం తయారు చేశారో చెప్పే సంఖ్య కూడా చూస్తుంది. అందుకే ఒకే 7260 కార్డు ఒక చోట పనిచేసి ఇంకో చోట మొరాయిస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపించినా లోపలి సంఖ్యలు వేరు.

పాత కార్డు తిరిగి పెట్టండి, ల్యాప్‌టాప్ మామూలుగా ఆన్ అవుతుంది. తర్వాత బయాస్‌ని తాజా వెర్షన్‌కి అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి, అందులో వైఫై కార్డుల కింద ఇచ్చిన పార్ట్ నంబర్లు రాసుకోండి. సరిగ్గా ఆ నంబరు లేబుల్ ఉన్న కార్డే వెతికి కొనండి. మోడల్ పేరు కలిస్తే చాలదు, లేబుల్ మీద పార్ట్ నంబరు కూడా కలవాలి.

ఆ జాబితా తీసేసి ఎవరో మార్చిన బయాస్‌లు కూడా నెట్‌లో తిరుగుతుంటాయి. వాటి జోలికి వెళ్లొద్దనే చెబుతాను. రాసేటప్పుడు ఏదైనా తేడా వస్తే మొత్తం బోర్డు చచ్చుబడుతుంది, ఒక వైఫై కార్డు కోసం అంత పందెం కాయడం తగదు. ల్యాప్‌టాప్ ఆన్ అయ్యాక, కరెంటు ఉండగానే కార్డు గుచ్చడం అంతకన్నా ప్రమాదం.

ఆన్ అవుతోంది, కానీ డివైస్ మేనేజర్‌లో (విండోస్ చూపే పరికరాల జాబితాలో) కార్డు జాడే లేదు

నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. ఇంటెల్ ఏఎక్స్201 కార్డు తెచ్చి ఒక పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా సరిపోయింది. డ్రైవర్లు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, అయినా కనీసం గుర్తు తెలియని పరికరంగా కూడా కనిపించలేదు.

ఏఎక్స్201 పూర్తి వైఫై కార్డు కాదని తర్వాత తెలిసింది. దాని మీద ఉండేది రేడియో భాగం మాత్రమే. మిగతా బుర్ర అంతా కొత్త ఇంటెల్ ప్రాసెసర్ల చిప్‌సెట్‌లోనే ఉంటుంది. ఈ పద్ధతిని సీఎన్‌వీఐ అంటారు. చిప్‌సెట్‌లో ఆ సగం లేని పాత ల్యాప్‌టాప్‌లో, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో అది ఎప్పటికీ పనిచేయదు. 9462, 9560, ఏఎక్స్211 కూడా ఇదే రకం. ఎం.2 స్లాట్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి కావాల్సింది ఏఎక్స్200, ఏఎక్స్210 లేదా 9260. ఏఎక్స్ వరుసలో గుర్తు తేలిక: చివర 0 ఉంటే మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, 1 ఉంటే సీఎన్‌వీఐ. దాన్ని 9560కి మాత్రం వర్తింపజేయకండి.

మీది సరైన కార్డే అయితే మళ్లీ తీసి, ఏటవాలుగా చివరిదాకా నెట్టి, ఆ తర్వాత కిందికి వంచి స్క్రూ బిగించండి. బ్యాటరీ ఊడదీసి ఉండగానే పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జీ పోతుంది, కొన్నిసార్లు అదే సరిపోతుంది. బయాస్‌లో వైర్‌లెస్ ఆఫ్‌లో ఉందేమో కూడా చూడండి.

కార్డు కనిపిస్తోంది, వైఫై మాత్రం ఆన్ కావడం లేదు

ముందు ల్యాప్‌టాప్ అంచున ఉండే చిన్న స్విచ్, ఫంక్షన్ కీ, ఎయిర్‌ప్లేన్ మోడ్ చూడండి. అన్నీ సరిగ్గానే ఉన్నా హార్డ్‌వేర్ స్విచ్ ఆఫ్‌లో ఉందనే చూపిస్తుంటే, స్లాట్‌లోని 20వ పిన్ కారణం కావచ్చు. మినీ కార్డుల్లో రేడియోని ఆపమని సంకేతం ఇచ్చేది ఆ పిన్నే. దాని మీద సన్నటి కాప్టాన్ టేప్ (కరెంటు పారనివ్వని, వేడిని తట్టుకునే టేప్) ముక్క అంటిస్తే ఆ సంకేతం కార్డుకి అందదు. సరి సంఖ్యల పిన్‌లున్న వైపు, గాడి దాటాక పొడవైన భాగంలో మొదటిది 18, రెండోది 20. పక్క పిన్ మూసుకుపోకుండా టేప్‌ని సన్నగా కత్తిరించండి.

వైఫై బాగుంది, బ్లూటూత్ లేదు

ఒకే కార్డు మీద ఉన్నా రెండూ వేర్వేరు దారుల్లో వెళ్తాయి. వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్ మీద, బ్లూటూత్ యూఎస్‌బీ లైన్ మీద. పాత ల్యాప్‌టాప్ కార్డులో బ్లూటూత్ లేకపోతే, ఆ స్లాట్‌కి యూఎస్‌బీ లైన్లే వేసి ఉండకపోవచ్చు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఏదైనా కనిపిస్తే బ్లూటూత్ డ్రైవర్ విడిగా వేయండి. అసలేమీ కనిపించకపోతే చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టుకోవడం మేలు.

రౌటర్ పక్కన బాగుంటోంది, పక్క గదిలోకి వెళ్తే పోతోంది

ఈ లక్షణం కనిపిస్తే డ్రైవర్ల వైపు చూడకుండా మూత విప్పండి. యాంటెన్నా వైరు ఊడి ఉంటుంది, లేదా సగమే కూర్చుని ఉంటుంది. మినీ కార్డుల మీద కనెక్టర్ సుమారు 2 మిల్లీమీటర్లు, ఎం.2 కార్డుల మీద సుమారు 1.5 మిల్లీమీటర్లు. పెద్ద తలని చిన్న కనెక్టర్ మీద పెడితే కూర్చున్నట్టే అనిపిస్తుంది కానీ పట్టదు.

వైరు తలని కనెక్టర్‌కి నిటారుగా పెట్టి, వేలి గోరుతో టక్‌మనేదాకా నొక్కండి. వంకరగా ఉండగా బలం పెట్టకండి. తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా తల కింద నుంచి ఎత్తండి. ఈ కనెక్టర్లు దాదాపు 30 సార్లు పెట్టి తీయడానికే ఉద్దేశించినవి కాబట్టి పదేపదే ప్రయోగాలు వద్దు. పాత కార్డు ఫోటోలో ఏ వైరు ఏ నంబరు మీద ఉందో, కొత్తదానిలోనూ అదే నంబరుకి పెట్టండి. మూడో వైరు మిగిలిపోతే దాని తలకి టేప్ చుట్టి పక్కన పెట్టండి, బోర్డుకి తగలకూడదు.

అన్నీ సరిగ్గా ఉన్నా సిగ్నల్ రాకపోతే పాత కార్డు పెట్టి చూడండి. దానికీ అంతే ఉంటే తెర మడత దగ్గర వైరు నలిగి ఉంటుంది.

సిగ్నల్ నిండుగా ఉంది, స్పీడ్ పెరగలేదు

రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇచ్చేదైతే ఏ కార్డు పెట్టినా పెద్దగా లాభం ఉండదు. 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి వేరే పేరు పెట్టి, దానికే కనెక్ట్ అవ్వండి. ఏఎక్స్200 లెక్క 2402 మెగాబిట్లని రాసి ఉన్నా, అది రౌటర్ 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ ఇచ్చినప్పటి మాట. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ అయితే ఆ లైనే సెకనుకు 2 గిగాబిట్ల దగ్గర ఆగుతుంది.

విండోస్ 7 మీద ఏఎక్స్200కి డ్రైవర్ లేదు, 64 బిట్ విండోస్ 10 కావాలి. ఏఎక్స్210తో 6 గిగాహెర్ట్జ్ అందాలంటే విండోస్ 11 ఉండాలి. లినక్స్‌లో ఏఎక్స్200కి కెర్నల్ 5.1, ఏఎక్స్210కి 5.10 లేదా ఆపై వెర్షన్ చూసుకోండి.

స్లీప్ నుంచి లేచాక వైఫై పోతోంది

డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న టిక్ తీసేయండి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపి చూడండి. అప్పటికీ పోతుంటే కార్డు తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌లో ఒక వెర్షన్ వెనక్కి వెళ్లండి.