ఫ్యాటీ లివర్: వయసును బట్టి రిపోర్టు చదవడం ఇలా

స్కానింగ్‌లో రాసే ‘గ్రేడ్‌ 1’, ‘గ్రేడ్‌ 2’ కాలేయంలో కొవ్వు ఎంతుందో చెబుతాయి, అంతే. ఆయుష్షు ఎక్కువగా ఆధారపడేది కాలేయం ఎంత గట్టిపడిందన్న దాని మీద. దాన్ని ఫిబ్‌-4 అనే లెక్కతో ఇంట్లోనే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు.

ఒకే రోజు ఇచ్చిన రక్తంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్షలో చూసే రెండు ఎంజైములు), ప్లేట్‌లెట్లు కావాలి. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ఎస్‌జీపీటీ వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పొరపాటు జరిగేది ప్లేట్‌లెట్ల దగ్గరే: రిపోర్టులో 2 లక్షలుంటే లెక్కలో 200 వేయాలి.

ఉదాహరణకు 58 ఏళ్లు, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. 58×40 = 2320. 49 వర్గమూలం 7; 7×200 = 1400. భాగిస్తే 1.66.

1.3 లోపైతే ప్రస్తుతానికి ముప్పు తక్కువ. షుగర్‌ ఉంటే ఏడాది రెండేళ్లకు, లేకపోతే రెండు మూడేళ్లకు మళ్లీ చూసుకోవాలి. 2.67 దాటితే లివర్‌ డాక్టరు దగ్గరికి. మధ్యలో ఉంటే, పై ఉదాహరణలోలా, ఫైబ్రోస్కాన్‌ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్‌) చేయించుకోవాలి. అదే రక్తం 67 ఏళ్లాయనదైతే 1.91 వస్తుంది, అయినా కంగారక్కర్లేదు. వయసుతో గుణించే లెక్క కాబట్టి ఏటా దానంతటదే పెరుగుతుంది. అందుకే 65 దాటినవారికి 1.3 బదులు 2 చూస్తారు. 35 లోపువారికి మాత్రం ఈ లెక్కను నమ్మలేం. డెంగీ వచ్చి తగ్గిన వారాల్లోనూ వేయొద్దు: ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎస్‌జీఓటీ పెరిగి, లేని జబ్బు చూపిస్తుంది.

ఇక ఆడవాళ్ల సంగతి. నెలసరి ఉన్నన్నాళ్లూ ఈస్ట్రోజెన్‌ కొంత కాపుకాస్తుంది. ఆ వయసులో జబ్బు మగవాళ్లలోనే ఎక్కువ. నెలసరి ఆగాక ఆ కాపు పోతుంది, కాలేయం గట్టిపడే వేగం పెరుగుతుంది. కాబట్టి నలభై ఐదులో తీసిన మంచి రిపోర్టు యాభై ఐదుకు పనికిరాదు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ. దాంతోపాటు అండాశయాలూ తీసేశారేమో డిశ్చార్జి కాగితంలో చూడండి. తీసి ఉంటే ఆపరేషన్‌ నాటి నుంచే ఆ కాపు లేనట్టు. ఎస్‌జీపీటీ కూడా ల్యాబు 40 దాకా నార్మల్‌ అంటుంది గానీ ఆడవాళ్లకు 25, మగవాళ్లకు 33 దాటితే పట్టించుకోవాలి.

సిర్రోసిస్‌ (కాలేయం మచ్చలుపడి బాగా గట్టిపడిపోవడం) దాకా పోని ఫ్యాటీ లివర్‌లో ప్రాణం తీసేది ఎక్కువగా గుండెజబ్బే. మగవాళ్లకు అది ముందుగా వస్తుంది. ఎస్‌జీపీటీ కాస్త పెరిగిందని కొలెస్ట్రాల్‌ మాత్ర సొంతంగా ఆపేయడం అందుకే పెద్ద తప్పు.

బరువు ఎక్కువుంటే 7 నుంచి 10 శాతం తగ్గాలి. 70 కిలోలకు 5 నుంచి 7 కిలోలు, నెమ్మదిగా. 65 దాటాక కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది, కండ తగ్గితే ఆయుష్షూ తగ్గుతుంది. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, ఆపైన పట్టిందంటే బరువు సంగతి పక్కనపెట్టి, ముందు పప్పు, గుడ్డు, కాళ్లకు వ్యాయామం.