టెక్సస్‌లో పాత పారిశ్రామిక స్థలం కొనేవారు వాలంటరీ క్లీనప్ ప్రోగ్రామ్‌లో చేరే పద్ధతి

డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో పాత ఫ్యాక్టరీ స్థలమో, ఒకప్పుడు డ్రైక్లీనింగ్ దుకాణం నడిచిన షాపింగ్ సెంటరో చుట్టుపక్కల ధరకన్నా బాగా తక్కువకు వస్తోందంటే, దాని కింది మట్టిని ముందుగా అనుమానించాలి. అంతమాత్రాన వదులుకోనవసరం లేదు. డాలస్‌లో 2001లో తెరిచిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ పాత విద్యుత్ కేంద్రమూ రైల్వే యార్డూ ఉన్న నేల మీదే కట్టారు. చిక్కంతా బాధ్యత విషయంలోనే ఉంది. కలుషిత స్థలాల శుద్ధి కోసం వచ్చిన 1980 నాటి ఫెడరల్ సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం, కాలుష్యం ఎవరు చేసినా ప్రస్తుత యజమానిని కూడా శుద్ధి ఖర్చుకు బాధ్యుణ్ణి చేయవచ్చు. ఆ భయంతో ఎవరూ ముట్టుకోని స్థలాలను వాడుకలోకి తెచ్చేందుకే టెక్సస్ శాసనసభ 1995లో వాలంటరీ క్లీనప్ ప్రోగ్రామ్‌ను, అంటే స్వచ్ఛందంగా ముందుకొచ్చి స్థలాన్ని శుద్ధి చేసే పథకాన్ని, ఏర్పాటు చేసింది. దీన్ని రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ నడుపుతోంది.

మొదటి పని ఫేజ్ వన్ పరిశీలన. ఇందులో మట్టి తవ్వరు. స్థలం చరిత్రను తవ్వుతారు. పాత శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు, ఏరియల్ ఫొటోలు, సిటీ డైరెక్టరీలు వరుసగా చూస్తే, ఇప్పుడు పార్కింగ్‌గా ఉన్న చోట ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేదని తేలవచ్చు. నివేదిక ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రూపొందించిన ఇ1527-21 ప్రమాణానికి లోబడి, మీ పేరు మీదే ఉండాలి. అమ్మకందారు ఎప్పుడో చేయించుకున్న నివేదికను నమ్ముకోవడం తెలివైన పని కాదు. నివేదికలోని ఇంటర్వ్యూలు, రికార్డుల శోధన, స్థల సందర్శన వంటి ముఖ్య భాగాలు స్థలం మీ చేతికొచ్చే తేదీకి ముందు 180 రోజుల్లోపు జరిగినవై ఉండాలి, లేకపోతే శుద్ధి బాధ్యత మీద పడకుండా ఫెడరల్ చట్టం కొనుగోలుదారుకిచ్చే రక్షణ దక్కదు.

అనుమానం బలపడితే ఫేజ్ టూ. డ్రిల్లింగ్ యంత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో మట్టి స్తంభాన్ని పైకి తీస్తుంది. జియాలజిస్టు ఆ గొట్టాన్ని నిలువునా కోసి, వాయువులను పసిగట్టే చిన్న మీటరును అడుగడుగునా ఆనించి, అంకె పెరిగిన చోటి మట్టిని సీసాలో నింపి ల్యాబుకు పంపుతాడు. డ్రైక్లీనింగ్‌లో వాడిన పెర్క్ అనే ద్రావకం నీటికన్నా బరువైనది కాబట్టి భూగర్భజలంలో అడుగుకు దిగిపోతుంది. దాని ఆవిరి మాత్రం కాంక్రీటు పగుళ్ల గుండా గదుల్లోకి వస్తుంది. అందువల్ల ఫ్లోరింగ్ కింది గాలిని కూడా పరీక్ష చేయించడం మంచిది. తాగునీటిలో పెర్క్‌కు ఫెడరల్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే.

ఇక అసలు మెలిక ప్రోగ్రామ్‌లో చేరే దరఖాస్తు తేదీలో ఉంది. దరఖాస్తు రుసుము 1,000 డాలర్లు, దానితో పాటు పరిశీలన నివేదిక జతచేయాలి. దరఖాస్తు చేసే నాటికి మీరు బాధ్యులు కాకపోతేనే, శుద్ధి పూర్తయి సర్టిఫికెట్ వచ్చాక రాష్ట్రం మిమ్మల్ని బాధ్యత నుంచి విడుదల చేస్తుంది. యజమాని కావడమే బాధ్యత తెచ్చిపెడుతుంది గనుక, క్లోజింగ్ (స్థలం మీ పేరుకు మారే చివరి దశ) ముగించుకుని తీరిగ్గా దరఖాస్తు చేసేవారికి ఆ విడుదల చేజారుతుంది. వారు శుద్ధి చేయవచ్చు గానీ, లాభం ఆ తర్వాత కొనేవారికే. రెండో దారి, అమ్మకందారు చేత శుద్ధి పూర్తి చేయించి, సర్టిఫికెట్ వచ్చాకే కొనడం. ఏ దారైనా కొనుగోలు ఒప్పందంలో పరిశీలనకు తగిన గడువూ, తవ్వకాలకు అనుమతీ ముందే రాయించుకోవాలి. టీసీఈక్యూతో ఒప్పందం కుదిరాక వారి సిబ్బంది వెచ్చించే సమయానికి కూడా మీరే చెల్లించాలి.

ఎంత శుద్ధి చేయాలన్నది ఆ నేలను దేనికి వాడబోతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఇళ్లకు వర్తించే ప్రమాణం కఠినం. గిడ్డంగులకూ దుకాణాలకూ కొంత సడలింపు ఉంది. డేకేర్, పాఠశాల, ఆసుపత్రి కూడా ఇళ్ల లెక్కలోకే వస్తాయి. మన వాళ్లు షాపింగ్ సెంటర్ కొని ఒక మూల డేకేర్ పెట్టాలనుకోవడం మామూలే కాబట్టి, ఆ సంగతి కన్సల్టెంటుకు మొదటి రోజే చెప్పాలి. సర్టిఫికెట్‌లో రాసిన వాడకాన్ని తర్వాత మార్చి ప్రమాదం పెంచితే, వచ్చిన విడుదల మీకు వర్తించదు. భూగర్భజలం విషయంలో 2003 నాటి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ ప్రాంతంలో బావినీరు తాగడానికి వాడకుండా నగరం ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేసి, టీసీఈక్యూ ఆమోదిస్తే, ఆ నీటిని తాగునీటి ప్రమాణం దాకా శుభ్రం చేయనక్కర్లేదు. ఆవిరి సమస్యకు మాత్రం ఇది జవాబు కాదు.

శుద్ధి పూర్తిగా ముగిస్తే ఫైనల్ సర్టిఫికెట్ ఇస్తారు. నేల మీద పరిచిన కాంక్రీటు పొరను కాపాడుతూ ఉండాలనడం వంటి షరతులు మిగిలితే కండిషనల్ సర్టిఫికెట్. వచ్చిన సర్టిఫికెట్‌ను కౌంటీ భూమి రికార్డుల్లో నమోదు చేయించాలి, ఒక కాపీ బ్యాంకుకు ఇవ్వాలి. అది రాష్ట్రం నుంచి మాత్రమే రక్షిస్తుంది. పక్క స్థలం యజమాని దావా వేస్తే అడ్డుకోదు. అందుచేత సరిహద్దు వెంబడి తీసిన నమూనాల ఫలితాలను పారేయకుండా భద్రపరచుకోవాలి.