పొట్టి రకం కొండచిలువకు రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

ఇరవై అడుగులు దాటి పెరగగల రెటిక్యులేటెడ్ పైథాన్ అనే కొండచిలువను ఇంట్లో పెంచడం మాటలు కాదు. అయితే అదే పాములో ఎనిమిది, పది అడుగుల లోపే ఆగిపోయే పొట్టి రకం ఉందని తెలిశాక, విదేశాల్లో పాములు పెంచేవారి మధ్య దానికి గిరాకీ పెరిగింది. ఇండోనేషియాలోని టనాజంపేయా, కలావోటోవా వంటి చిన్న దీవుల పాములే ఈ ‘డ్వార్ఫ్’, ‘సూపర్ డ్వార్ఫ్’ రకాలకు మూలం. హోండురస్ తీరంలోని దీవులకు చెందిన హాగ్ ఐలాండ్ బోవా, అనకొండల్లో చిన్నదైన పసుపు అనకొండ కూడా ఇదే కోరికను తీర్చే పాములు. ఆ మోజు మన నగరాలకూ చేరింది. దానితో పాటే ‘కాగితాలన్నీ మేమే చూసుకుంటాం’ అనే మధ్యవర్తులూ వచ్చారు. పాము ఇంటికి వచ్చాక కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవారిలో కొందరిని ఉత్త చేతులతో పంపవలసి వచ్చింది కనుక ఈ వివరాలు రాస్తున్నాను.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతరించే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం పరిధిలోని విదేశీ జీవులను ఆ చట్టం నాలుగో షెడ్యూలులో చేర్చింది. అలాంటి జీవి ప్రాణంతో మన దగ్గర ఉంటే తెలియజేసి నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరి 28న నియమావళి వెలువడింది. అప్పటికే పెంచుతున్నవారికి ఇచ్చిన ఆరు నెలల గడువు ఆ ఏడాది ఆగస్టులోనే ముగిసింది. ఇప్పుడు కొత్తగా పొందేవారు పాము చేతికి వచ్చిన 30 రోజుల లోపు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఈ 30 రోజులను బిల్లు మీద ఉన్న తేదీ నుంచి కాక, పాము మీ స్వాధీనంలోకి వచ్చిన రోజు నుంచి లెక్కించాలి.

పోర్టల్‌లో ఖాతా తెరవడం, గుర్తింపు, చిరునామా పత్రాలు జతచేయడం, పాము ఫోటోలు పెట్టడం, రుసుము చెల్లించడం వంటి పనులు ఆధార్‌కో పాన్ కార్డుకో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసిన అనుభవం ఉన్న ఎవరికైనా కష్టం కాదు. రుసుమును తెర మీద చూపిన మేరకు పోర్టల్‌లోనే కట్టాలి. అంతకు మించి ఎవరు అడిగినా అది వారి సొంత వసూలు. దరఖాస్తును పరిశీలించేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం. అటవీ సిబ్బంది ఇంటికి వచ్చి చూస్తే కంగారు పడవలసింది ఏమీ లేదు, అది తనిఖీలో భాగమే.

చాలామంది తడబడేది పాము శాస్త్రీయ నామం దగ్గర, ఆ పాము ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పత్రం దగ్గర. ఒక యువకుడు తెచ్చిన బిల్లు మీద చేతిరాతతో ‘డ్వార్ఫ్ పైథాన్ – 1’ అని మాత్రమే ఉంది. అమ్మినవారి రిజిస్ట్రేషన్ సంఖ్య లేదు, చిరునామా స్థానంలో ఒక ఫోన్ నంబరు ఉంది. చట్టం దృష్టిలో ‘డ్వార్ఫ్’ అనే జాతి లేదు. రెటిక్యులేటెడ్ పైథాన్ ఎంత పొట్టిదైనా రెటిక్యులేటెడ్ పైథానే. ఆ జాతి మన నికోబార్ దీవుల్లో సహజంగా ఉండటం వల్ల గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన చట్టంలోని ఒకటో షెడ్యూలులో ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించే బర్మీస్ పైథాన్, మన పొలాల్లో కనిపించే కొండచిలువ కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. పొట్టి రకం బర్మీస్ అని చెప్పి అమ్మినా ఫలితం ఒకటే. ఈ దరఖాస్తు నాలుగో షెడ్యూలు జీవుల కోసం ఉద్దేశించినది కాబట్టి వీటికి వర్తించదు. ఒకటో షెడ్యూలు జంతువుకు సంబంధించిన నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ‘యాభై శాతం సూపర్ డ్వార్ఫ్’ అంటూ అమ్మకందారులు చెప్పే శాతాలకు ఈ ఫారంలో చోటే లేదు. పెద్ద రకంతో కలిపి పుట్టించిన పిల్ల చివరికి ఎంత పెరుగుతుందో అమ్మినవాడూ కచ్చితంగా చెప్పలేడు.

బోవా, పసుపు అనకొండ, బాల్ పైథాన్ వంటి జాతులకు దారి ఉంది గానీ, వాటికి మూల పత్రం ఉండి తీరాలి. విదేశం నుంచి తెచ్చినదైతే సైటిస్ అనుమతి, డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) దిగుమతి లైసెన్సు అవసరం. ఇక్కడే పుట్టినదైతే తల్లి పాము యజమాని రిజిస్ట్రేషన్, పిల్లల జననం నమోదు, మీకు బదిలీ అయినట్టు చూపే వివరం, ఈ మూడూ ఒకదానికొకటి అతకాలి. వాట్సాప్‌లో పంపిన సర్టిఫికెట్‌ను చూసి సంతృప్తి పడకండి. దాని మీద ఉన్న పేరు మీకు అమ్ముతున్న వ్యక్తిదేనా, శాస్త్రీయ నామం మీ పాముదేనా అని అక్షరం అక్షరం సరిచూడండి. ఒకే సర్టిఫికెట్ నకలును నలుగురికి పంచే పద్ధతి నేను కళ్లారా చూశాను. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి వచ్చిన ఒక ప్రయాణికుడి సామానులో పది పసుపు అనకొండలు దొరికాయి. అలా దాటించిన పాములకు మూల పత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

2020లో కేంద్రం ప్రకటించిన స్వచ్ఛంద వెల్లడి పథకంలో, పత్రాలు లేకపోయినా విదేశీ జీవులను ప్రకటించుకునే అవకాశం ఉండేది. ఆ అవకాశం ఇంకా ఉందని చెప్పి డబ్బు తీసుకునేవారిని నమ్మకండి, అది ఎప్పుడో ముగిసింది.

ఇప్పటికే పాము ఇంట్లో ఉండి పత్రాలు సరిగా లేనివారు భయపడి దానిని చెరువు గట్టునో పొలంలోనో వదిలేస్తే పరిస్థితి మరింత చిక్కుల్లో పడుతుంది. ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్లి ఉన్న సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చిన తరువాత కూడా పాము చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా అదే పోర్టల్‌లో తెలియజేయాలి. బోవాలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలనే కంటాయి, అదీ ఒక్కసారిగా పదుల సంఖ్యలో. ఆడ బోవాను కొనేవారు ఆ నమోదుకు ముందే సిద్ధపడి ఉండాలి.