కొండ పొదపిగిలి కోసం వెళ్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు పిట్టలు చూడడం మొదలుపెట్టిన వాళ్ళకి ఏడాది తిరిగేసరికి ఒక కోరిక పట్టుకుంటుంది. ఎల్లో త్రోటెడ్ బుల్‌బుల్‌ని చూడాలి, చూస్తే చాలదు, ఫొటో కూడా తీయాలి. పసుపు గొంతు పిగిలిపిట్ట అన్నమాట. పాత పక్షి పుస్తకాల్లో దీని తెలుగు పేరు కొండ పొదపిగిలి అని ఉంటుంది. నాకు ఆ పేరే ఇష్టం, ఎందుకంటే పిట్ట ఎక్కడ దొరుకుతుందో పేరులోనే చెప్పేశారు. కొండా ఉండాలి, పొదా ఉండాలి. 1840ల్లో జెర్డాన్ అనే బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త దీన్ని మొదట శాస్త్రానికి పరిచయం చేశాడు, పక్కనే కడప కలివికోడికి ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆ జెర్డానే. దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ పిట్ట లేదు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు ముప్పు ఉన్న జాతుల్లో చేర్చారు. అలాంటిది మన ఊరి నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కే లోపల చేరుకునే దూరంలో ఉందంటే, మనది ఎంత అదృష్టమో ఒక్కసారి ఆలోచించండి.

కొత్తవాళ్ళు మొదట చేసే పొరపాటు పిట్ట వెనక పరిగెత్తడం. ఎవరో ఫలానా చోట కనబడిందని చెబుతారు, వెంటనే బండి తీస్తారు, అక్కడ రెండు గంటలు తిరుగుతారు, లేదనుకుని ఇంకో చోటికి పోతారు. ఈ పిట్ట అలా దొరకదు. వలస పిట్ట కాదు కాబట్టి ఏడాది పొడవునా ఆ గుట్టలోనే ఉంటుంది, కానీ ఆ గుట్ట దానికి నచ్చిన గుట్ట అయి ఉండాలి. నిటారు వాలు, ఏనుగులు పడుకున్నట్టు పెద్ద పెద్ద గుండ్లు, గుండ్ల సందుల్లో కంప, లంటానా, పండ్లు కాసే చిన్న చెట్లు, ఇవన్నీ కలవాలి. కింద చదునుగా ఉన్న కంపలో ఎంతసేపు వెతికినా మామూలు పిగిలిపిట్టలే వస్తాయి. అందుకే పిట్ట కంటే ముందు రాయిని చూడడం నేర్చుకోండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్. సుమారు 1,265 మీటర్ల ఎత్తు, పైదాకా మంచి రోడ్డు, ఈ పిట్టకి బాగా పేరున్న చోటు. ముందురోజు రాత్రికే పైకి చేరి అక్కడే పడుకుంటే, పొద్దున ఆరింటికల్లా గాలిబండ వైపు నడిచి వెళ్ళొచ్చు. జనం ఎనిమిది తర్వాత మొదలవుతారు, ఆలోపే మన పని అయిపోవాలి. రెండోది తలకోన. తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్ళాలి. అందరూ జలపాతం వైపు పోతారు గానీ, దారి పక్కన పైకి లేచిన రాతి అంచులే మనం చూడాల్సినవి. అక్కడ బెట్టుడుత, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుత, అరుపు వినగానే పిట్ట అనుకుని తల తిప్పడం అందరికీ జరుగుతుంది, రెండు రోజులు తిరిగితే ఆ గొంతు అలవాటైపోతుంది. తిరుమల కొండల్లోనూ ఈ పిట్ట ఉంది, కానీ అక్కడ నడకదారి దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేయకండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తిరుమల, తలకోన ఉన్న శేషాచలం మామూలు అడవి కాదు. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనాన్ని 1989లో ప్రకటించారు, దాదాపు 353 చదరపు కిలోమీటర్లు, తలకోన అందులోదే. 2010లో ఈ కొండలన్నీ బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవావరణ రక్షిత ప్రాంతం, అయ్యాయి. పైగా ఎర్రచందనం ఉన్న అడవి. తెల్లవారకముందే వీపున బ్యాగు, చేతిలో పెద్ద లెన్స్‌తో పొదల్లో కూర్చున్న మనిషిని చూస్తే కాపలావాళ్ళకి అనుమానం రావడం న్యాయమే. ఒకసారి ఒక గార్డు నన్నూ ఆపాడు. పిట్టల కోసం వచ్చానని చెప్పి కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటీ చూపించాక, ఆయనే ఏ బండ మీద నీళ్ళు నిలుస్తాయో చెప్పి పంపించాడు. జాతీయ వనంలోకి గానీ అభయారణ్యంలోకి గానీ అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, కాబట్టి ముందే అటవీశాఖ ఆఫీసులో అడిగి, కాగితం తీసుకుని, ఐడీ కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఒంటరిగా అసలు వద్దు. చిరుత, ఎలుగుబంటి, ఏనుగు, అన్నీ తిరిగే చోటు అది. ఘాట్ రోడ్డు వేళలు, నడకదారి వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందురోజు కనుక్కోండి.

ఇక గుర్తుపట్టడం. కష్టమంతా ఇక్కడే. అదే గుట్టలో, అదే పొదలో ఇంకో పిట్ట ఉంటుంది, వైట్ బ్రౌడ్ బుల్‌బుల్, మన మామూలు పొదపిగిలి. దానికీ తోక కింద పసుపే, దీనికీ పసుపే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక రోజంతా నేను దాన్నే ఫొటోలు తీసి, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూశాక విషయం అర్థమైంది. అందుకే తల చూడండి. పొదపిగిలికి కంటిపైన తెల్లటి కనుబొమ్మ గీత ఉంటుంది, ముఖంలో ఎక్కడా ఇంత పసుపు ఉండదు. కొండ పొదపిగిలికి ఆ గీత ఉండదు, తల, గొంతు రెండూ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంటాయి. ఆ పసుపు గొంతు దగ్గర ఆగిపోతుంది, రొమ్ము బూడిద రంగు, మళ్ళీ తోక కింద పసుపు. ఎగిరేటప్పుడు వెనక నుంచి చూస్తే తోక చివర్లు లేతగా మెరుస్తాయి. జుట్టు నిక్కబొడుచుకుని ఉంటే అది ఈ పిట్ట కాదు. అరుపుని మాత్రం నమ్మకండి, రెండూ నీళ్ళు పొంగినట్టు గబగబా అరిచి ఆగిపోతాయి, అరుపు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్ పేరు చూపించినా కళ్ళతో చూసేదాకా లెక్కలో వేసుకోవద్దు. వెళ్ళే ముందు నెల రోజులు మీ ఇంటి చుట్టూ ఉన్న పిగిలిపిట్టల్నే బైనాక్యులర్‌తో చూడండి, ఎయిట్ బై ఫార్టీటూ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది) అయితే చాలు. ఎలా గెంతుతాయి, ఎలా వాలతాయి, పండు ఎలా మింగుతాయి అనేది కంటికి అలవాటైతే, గుట్ట మీద తేడా పిట్ట కనబడగానే ఒంట్లో ఏదో చిన్నగా కదులుతుంది. ఆ అనుభవం మాటల్లో చెప్పలేను.

గుట్ట చేరాక చేయాల్సిన పని కూర్చోవడం. పండ్లు కాసిన చెట్టు వెతకండి, మేడి, జువ్వి, లేదా నల్లగా మాగిన లంటానా పొద. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా, ఇరవై ముప్పై అడుగులు దూరంగా, ఒక గుండుకి ఆనుకుని కూర్చోండి. తెలుపు, ఎరుపు చొక్కాలు వద్దు, మట్టిరంగో ఆకుపచ్చో వేసుకోండి. మొదటి అరగంట ఏమీ జరగదు, మనం వచ్చిన అలికిడికి అన్నీ దాక్కుని ఉంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొస్తాయి. నేను మూడోసారి వెళ్ళినప్పుడు ఏడున్నర ప్రాంతంలో, నాకు ఎదురుగా ఉన్న గుండు పగులులోంచి ఒక పిట్ట పైకి వచ్చి, గుండు అంచున నిలబడి, తల ఒక పక్కకి వంచి, కింద లంటానా కాయల్ని చూసింది. ఎండ నేరుగా గొంతు మీద పడింది. నాలుగు కాయలు తిని, ముక్కు రెండుసార్లు బండకి రుద్దుకుని వెళ్ళిపోయింది. అంతా కలిపి ఒక నిమిషం కూడా ఉండదు.

ఆ నిమిషానికి కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి. నేను షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేస్తాను, పొద్దున వెలుతురు తక్కువైతే 1/500 దాకా దిగుతాను. ఫోకస్ ఒకే పాయింటు, లేకపోతే ముందున్న కంప మీదికి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం ఈ పసుపు. ఎండలో ఆ పసుపు ఇట్టే తెల్లబారిపోతుంది, ఈకల గీతలు ఒక్కటీ మిగలవు, తర్వాత కంప్యూటర్‌లో ఎంత లాగినా రావు. నా మొదటి మంచి ఫొటోలన్నీ అలాగే పోయాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 పెట్టి, రా ఫైల్‌లో, అంటే కెమెరా మార్చని అసలు ఫైల్‌లో, తీయండి. అదే పిట్ట ఆకాశం ముందు వాలితే ఉల్టా, ప్లస్ ఒకటి దాకా పోవాలి, లేకపోతే నల్లటి నీడ మిగులుతుంది. తొమ్మిది దాటాక బండలు వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది, అప్పుడు లక్షల లెన్స్ అయినా ఫొటో మెత్తగానే వస్తుంది, కాబట్టి దాన్ని తిట్టుకోకుండా కెమెరా సర్దేసి టిఫిన్‌కి వెళ్ళండి. పెద్ద లెన్స్ లేకపోతే ఆగిపోవద్దు, నికాన్ పీ 950 లాంటి 83 రెట్ల జూమ్ ఉన్న కెమెరాతో కూడా పిట్ట గుర్తుపట్టేంత చక్కగా వస్తుంది. కనబడగానే ఉన్నచోటు నుంచే ఒక ఫొటో తీసేయండి, బాగుందో లేదో తర్వాత చూసుకోవచ్చు. దగ్గరికి వెళ్ళాలనుకుంటే నేరుగా నడవకండి, పక్కకి నాలుగడుగులు వేసి కూర్చోండి, మళ్ళీ నాలుగు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఫోన్‌లో అరుపు పెట్టి పిట్టని పిలవకండి. ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది మేత వదిలేసి, గూట్లో పిల్లలుంటే పిల్లల్ని కూడా వదిలేసి, పోట్లాటకి వస్తుంది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అదే బండ దగ్గర నిలబడి అదే పని చేస్తే ఆ జంట ఎలా బతుకుతుంది? జూన్ నుంచి ఆగస్టు దాకా గూడు కట్టే కాలం, ఆ నెలల్లో నేను గుట్ట ఎక్కను. వేరే పని మీద పోయి పొరపాటున గూడు కనబడితే ఫొటో తీయకుండా వెనక్కి వచ్చేయండి, ఎవరికీ చెప్పకండి. జనవరి నుంచి మార్చి దాకా వెళ్ళండి, చలి ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, అప్పుడే బాగుంటుంది.

ఇంటికి రాగానే, ఫొటో బాగా రాకపోయినా సరే, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో లిస్ట్ పెట్టండి. తేదీ, టైం, ఎన్ని పిట్టలు, గుట్ట పేరు, పక్కన ఏ చెట్టు ఉంది, ఏం తింటోంది, అన్నీ రాయండి. మసకగా వచ్చినా తల పసుపు కనబడితే ఆ ఫొటో జత చేయండి. గ్రానైట్ కోసం రాతి గుట్టల్ని తొలిచేయడం ఈ పిట్టకి పెద్ద ముప్పు, ఏ గుట్ట మీద పిట్ట ఉందో ఎక్కడా రాసి లేకపోతే ఆ గుట్ట తరపున అడగడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇంతవరకూ ఎవరూ లిస్ట్ పెట్టని గుండ్ల గుట్ట మీ ఊరి పక్కన ఉంటే, వచ్చే చలికాలం హార్స్‌లీ హిల్స్ కంటే ముందు అక్కడికి వెళ్ళండి.