విజయనగరం, బొబ్బిలి ఒక్కరోజులో చుట్టి రావాలంటే: జంటలకు జాగ్రత్తలు

ముందు తేదీ చూసుకోండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు విజయనగరం కోట పరిసరాల్లో కాలు పెట్టే సందు ఉండదు. జాతరకైతే సరే, కోట చూడ్డానికైతే ఇంకో వారం పెట్టుకోండి.

1713లో కట్టిన ఈ కోటలో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. ఎక్కడిదాకా పంపుతారో గేటు దగ్గరే అడగండి. అమ్మాయిలు చదువుకునే చోట ఫోన్ ఎత్తి వీడియోలు తీయొద్దు. ఫొటోలకు బురుజులు చాలు.

నీళ్ళు, గొడుగు, చిల్లర, చదునైన చెప్పులు. ఇవి చెప్పక్కర్లేదు గానీ, చెప్పులే ఎక్కువమంది మర్చిపోతారు.

బొబ్బిలిలో 1757 యుద్ధ స్మారక స్తూపం చూశాక గొల్లపల్లి వెళ్ళండి, వీణలు చేసేది అక్కడే. పనస దుంగను తొలిచే చోట పొట్టు రేగుతుంది, డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్ళు మాస్కు పెట్టుకోండి. సగం తొలిచిన కుండ (వీణకుండే గుండ్రటి భాగం) పక్కనే పదునైన ఉలి ఉంటుంది, ఒరిగి చూడొద్దు. అడక్కుండా తీగ మీటొద్దు. పెద్ద వీణ బస్సులో తేవడం తలనొప్పి. గిఫ్టుకి చేసే చిన్న వీణలైతే సంచిలో పడతాయి, బేరం మరీ గట్టిగా ఆడకండి, అది చేతిపని.

దారిలో తాటికల్లు కనబడితే బండి నడిపేవాళ్ళు ముట్టుకోవద్దు. పొద్దున తియ్యగా ఉన్నదే మధ్యాహ్నానికి పులిసి మత్తెక్కిస్తుంది. ఇద్దరికీ తాగాలనుంటే రైల్లో వెళ్ళండి, బొబ్బిలికి స్టేషన్ ఉంది. తిరుగు రైలు టైము మాత్రం ముందురోజే చూసుకోండి.